కనబడని గడులు: రోజువారీ తర్కంలో దొర్లే తప్పుల గురించి

2018 మే నెలలో తెలంగాణ పల్లెల్లో మగవాళ్లు రాత్రిళ్లు కర్రలు పట్టుకుని కాపలా కాశారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పాకిన పుకారే అందుకు కారణం. దానికి తోడు ఒక వీడియో చేతులు మారింది. మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని లాక్కుని పోతారు. నిజానికి అది పిల్లల భద్రత మీద కరాచీలో తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరూ పిల్లాణ్ని వెనక్కి తెచ్చి దింపి, అట్ట మీద రాసిన హెచ్చరికను చూపిస్తారు. ఆ ముక్కను ఎవరో కత్తిరించేశారు. ఆ వేసవిలో దేశంలో చాలాచోట్ల, తెలంగాణలో కూడా, ఏ పాపమూ ఎరగని బాటసారుల్ని జనం కొట్టి చంపారు.

ఆ కర్రలు పట్టుకున్నవాళ్లు మూర్ఖులు అని తేల్చేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. వాళ్లు ఏమని ఆలోచించి ఉంటారో చూడండి. 'ఒక్కరు కాదు, ముగ్గురు పంపారు.' కానీ ఆ ముగ్గురికీ పంపింది ఒక్కరే కావచ్చు. 'వీడియో కళ్ల ముందు ఉంది కదా.' వీడియో ఉంది, అది ఎక్కడిదో, ఎప్పటిదో లేదు. 'జాగ్రత్తగా ఉంటే పోయేదేముంది?' పోయేది ఉంది, కాకపోతే అది మన ఊరు దాటి పోతున్న అపరిచితుడి ప్రాణం. ఇలాంటి అడుగులు మనం ఇంట్లో, ఆఫీసులో, ఆస్పత్రి వరండాలో రోజూ వేస్తూనే ఉంటాం. అక్కడ ప్రాణాలు పోవు గనుక గమనించం.

ఈ తప్పుల గురించి మనుషులకు తెలిసింది తక్కువేమీ కాదు. రెండు వేల ఏళ్లకు పైగా జాబితాలు రాసుకుంటూ వచ్చాం. అరిస్టాటిల్ 13 రకాల కుతర్కాలు లెక్కపెట్టాడు. ఫ్రాన్సిస్ బేకన్ 1620లో, మనసు తనకు తాను కల్పించుకునే భ్రమలను నాలుగు తరగతులు చేశాడు. గౌతముడి న్యాయసూత్రాలు చర్చనే మూడుగా విడదీశాయి. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడి మాట పడగొట్టడానికే చేసేది వితండం. ఇవాళ టీవీ చర్చల్లో సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా నడిచేదానికి ఏ పేరు సరిపోతుందో చూసేవాళ్లే చెప్పగలరు.

న్యాయశాస్త్రాన్ని చదువరులకు అందుబాటులోకి తెచ్చినవాడు మన ఆంధ్రుడు. 17వ శతాబ్దపు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం దేశమంతటా తర్కంలో తొలి పాఠ్యగ్రంథమైంది. సంస్కృత పాఠశాలల్లో ఇప్పటికీ చదువుతారు. అందులోని ఒక చిన్న భాగాన్ని ప్రతి హైస్కూలు విద్యార్థికీ చెప్పాలని నాకు బలంగా అనిపిస్తుంది. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందనుకోవడం సరైన ఊహ. దాన్ని తిరగేసి, నిప్పు ఉంది గనుక పొగ ఉంటుందంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. నిప్పుకు పచ్చి కట్టె తోడైతేనే పొగ. పైకి కనబడకుండా ఫలితాన్ని నడిపించే ఈ పచ్చి కట్టెను తార్కికులు ఉపాధి అన్నారు. ఒకదాని వెంట ఇంకొకటి వచ్చినప్పుడల్లా మధ్యలో పచ్చి కట్టె ఏదైనా ఉందేమోనని వెతకడం వాళ్లు నేర్పిన అలవాటు. 'నిప్పు లేనిదే పొగ రాదు' అన్న సామెతను మనం ఎక్కువగా ఎవరి మీదైనా నింద వచ్చినప్పుడు వాడతాం. పుకారును పొగ అనుకోవడంతోనే అక్కడ తప్పు మొదలవుతుంది. పొగను నిప్పు పుట్టిస్తుంది. పుకారును పుట్టించడానికి ఒక నోరు చాలు.

ఆ పచ్చి కట్టెను వెతకవలసిన సందర్భం తెలుగువాళ్లందరి కళ్ల ముందుకు 2021 మేలో వచ్చింది. కోవిడ్ రెండో ఉద్ధృతిలో ఆక్సిజన్ పడకలు దొరక్క జనం అల్లాడుతున్నారు. అప్పుడే నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే మందు కోసం వేల మంది బారులు తీరారు. రద్దీ వల్ల పంపిణీ ఆగింది. పరీక్షలు జరిగాయి. హాని లేదు, కోవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారమూ లేదు అన్న నివేదికల మీద ఆ నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలను పక్కన పెట్టి మిగతా మందులకు అనుమతి ఇచ్చింది. ఆ వరసల్లో నిలబడ్డవాళ్లను చిన్నచూపు చూడటం అన్యాయం. వైద్యం అందని చోట మనిషి ఆశను వెతుక్కుంటాడు. నేను చూడదలచింది వాళ్ల తర్కాన్ని మాత్రమే: 'మా బావమరిది వేసుకున్నాడు, నాలుగు రోజుల్లో లేచి తిరిగాడు.'

ఈ మాటను తూచాలంటే నాలుగు గడుల పట్టీ గీయాలి. మందు వేసుకుని కోలుకున్నవాళ్లు ఒక గడి. వేసుకున్నా కోలుకోనివాళ్లు రెండోది. వేసుకోకుండానే కోలుకున్నవాళ్లు మూడోది. వేసుకోక, కోలుకోనివాళ్లు నాలుగోది. బావమరిది మొదటి గడిలో ఉన్నాడు. మనకు చెప్పేవాళ్లందరూ మొదటి గడివాళ్లే. రెండో గడిలో ఉన్నవాళ్లలో కొందరు చెప్పడానికి బతికి లేరు. మూడో గడి అన్నింటికంటే పెద్దది, ఎందుకంటే కోవిడ్ సోకినవాళ్లలో అత్యధికులు ఏ ప్రత్యేక మందూ లేకుండానే రెండు మూడు వారాల్లో కోలుకున్నారు. కానీ ఏమీ వేసుకోకుండా తగ్గినవాడు ఆ సంగతిని వీడియో తీసి పెట్టడు. అలా చూస్తే అప్పట్లో పెరుగన్నం పెట్టినా నూటికి తొంభై మందికి పైగా 'నయమైనట్టే' కనబడేది. ఇక్కడ పచ్చి కట్టె కాలమే.

ఉబ్బసానికి మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేప ప్రసాదం మీద జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు ఏళ్ల తరబడి లేవనెత్తిన ప్రశ్న కూడా సారాంశంలో ఇదే. ఉబ్బసం తగ్గుతూ పెరుగుతూ వచ్చే జబ్బు. మనిషి వైద్యం కోసం బయల్దేరేది బాగా ముదిరినప్పుడు. బాగా ముదిరినది ఆ తర్వాత కొంత తగ్గడం మామూలు. ఆ తగ్గుదల ఖాతాలో ఎవరి పేరు రాయాలన్నదే చిక్కు.

నాలుగు గడులు చూడమని చెప్పడం సులువు, చూడటం కష్టం. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ కహాన్ బృందం వెయ్యి మందికి పైగా అమెరికన్లకు ఒక చర్మ లేపనం పట్టీ ఇచ్చింది. లేపనం రాసుకున్నవాళ్లలో 223 మందికి దద్దుర్లు తగ్గాయి, 75 మందికి పెరిగాయి. రాసుకోనివాళ్లలో 107 మందికి తగ్గాయి, 21 మందికి పెరిగాయి. లేపనం పనిచేసిందా? 223 అన్న పెద్ద అంకె చూసి సగం కంటే ఎక్కువ మంది పనిచేసిందన్నారు. నిష్పత్తి కట్టి చూడండి. రాసుకున్నవాళ్లలో ఒకరికి పెరిగితే ముగ్గురికి తగ్గింది. రాసుకోనివాళ్లలో ఒకరికి పెరిగితే అయిదుగురికి తగ్గింది. లేపనం నష్టమే చేసింది. లెక్కల్లో గట్టివాళ్లు దీన్ని బాగానే పట్టుకున్నారు.

తర్వాత అవే అంకెలకు తుపాకుల నియంత్రణ చట్టం, నేరాలు అన్న శీర్షికలు తగిలించి ఇచ్చారు. అప్పుడు లెక్కల్లో గట్టివాళ్లు కూడా తమ రాజకీయానికి నచ్చిన జవాబు వచ్చినప్పుడే సరిగ్గా లెక్క కట్టారు. నచ్చని జవాబు వస్తుందనిపిస్తే పైపైన చూసి వదిలేశారు. ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు కొన్ని చోట్ల ఫలితం అంత బలంగా రాలేదన్నది కూడా చెప్పుకోవాలి. కానీ దీనికి ముందే 1979లో స్టాన్‌ఫర్డ్‌లో మరణశిక్షపై జరిగిన ప్రయోగమూ ఇదే దారి చూపింది. అనుకూలంగా ఒకటి, ప్రతికూలంగా ఒకటి చొప్పున అందరికీ రెండేసి అధ్యయనాలు చదవనిస్తే, రెండు పక్షాలవాళ్లూ తమకు నచ్చినదాంట్లో బలం, నచ్చనిదాంట్లో లోపాలు చూసి, ముందుకంటే గట్టిగా తమ మాట మీదే నిలబడ్డారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న మాట తెలుగువాళ్లకు కొత్త కాదు. కొత్తగా తెలిసింది ఏమిటంటే, చదువు ఆ నాలుగో కాలును చూపిస్తుందన్న హామీ లేదు. అది లేదని ఇంకా బాగా వాదించే నేర్పును కూడా చదువే ఇవ్వగలదు.

గురజాడ దీన్ని ప్రయోగశాల లేకుండానే పట్టుకున్నాడు. కన్యాశుల్కంలో గిరీశం బాల్యవివాహాలను వెనకేసుకొస్తూ ఒక గొలుసు అల్లుతాడు. చిన్నపిల్లలకు పెళ్లిళ్లు కాకపోతే పడుచు విధవలు ఉండరు, వాళ్లు లేకపోతే విధవా వివాహ సంస్కరణకు చోటే ఉండదు అంటాడు. ప్రతి లంకె మరో లంకెకు అతుకుతుంది. గొలుసు మొత్తం మనల్ని తీసుకెళ్లి దింపేది, గాయానికి కట్టు కట్టడం కోసం గాయం చేద్దామన్న చోట. గిరీశం తెలివితక్కువవాడు కాదు. అతని తెలివంతా ముందే తీసుకున్న నిర్ణయానికి కారణాలు కుట్టడంలో ఖర్చవుతుంది. ఆ నాటకాన్ని పాఠంగా చెప్పే ఉపాధ్యాయులు హాస్యం దగ్గర ఆగిపోకుండా ఆ గొలుసును బల్ల మీద పరచి ఏ లంకె దగ్గర మోసం జరిగిందో పిల్లల చేత వెతికిస్తే ఎంత బాగుంటుంది.

కనబడని గడి మన ఇళ్లలో అన్నింటికంటే ఖరీదైన నిర్ణయం దగ్గర కూడా ఉంది. పోటీ పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు టీవీలో, పేపర్లో ర్యాంకులు వరసగా వినబడతాయి: ఒకటి, రెండు, మూడు... ఆ పిల్లల ఫొటోలు నిజమే, ర్యాంకులూ నిజమే. లేనిది హారం. ఆ సంస్థలో ఎంతమంది చేరారు, అందులో ఎంతమందికి ఏ సీటూ రాలేదు, చేరినవాళ్లలో మొదటి నుంచీ ముందున్న పిల్లలు ఎందరు, ర్యాంకు వచ్చినవాళ్లకు చెప్పిన అధ్యాపకులే మన అబ్బాయి సెక్షన్‌కూ చెబుతారా? రెండో ప్రపంచ యుద్ధంలో గణిత శాస్త్రవేత్త అబ్రహాం వాల్డ్ ఎదుర్కొన్న సమస్యకూ దీనికీ చుట్టరికం ఉంది. తిరిగొచ్చిన యుద్ధవిమానాల మీద తూటాల గుర్తులు లెక్కించి ఊరుకుంటే చాలదు, కూలిపోయి తిరిగిరాని విమానాలకు దెబ్బ ఎక్కడ తగిలి ఉంటుందో లెక్కలోకి తీసుకోవాలని ఆయన చూపించాడు. లక్షల రూపాయల ఫీజు, ఒక పిల్లవాడి రెండేళ్ల నిద్ర ముడిపడిన నిర్ణయం ఇది. తల్లిదండ్రులు హారం అడగడం మొదలుపెట్టాలి.

డాక్టర్లకూ ఈ చిక్కు తప్పలేదు. హార్వర్డ్ వైద్య విద్యాలయంతో అనుబంధం ఉన్న వైద్యుల్ని, విద్యార్థుల్ని 60 మందిని 1978లో ఒక ప్రశ్న అడిగారు. వెయ్యిలో ఒకరికి ఉండే జబ్బు. దానికొక పరీక్ష. జబ్బు లేనివాళ్లలో నూటికి అయిదుగురికి పొరపాటున ఉన్నట్టు చూపిస్తుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? దాదాపు సగం మంది 95 శాతం అన్నారు. సరైన జవాబు చెప్పినవాళ్లు 11 మంది. శాతాలు పక్కన పెట్టి మనుషుల్ని లెక్కపెడితే చిక్కు విడిపోతుంది. వెయ్యి మందిలో జబ్బున్నవాడు ఒక్కడు. మిగతా 999 మందిలో సుమారు 50 మందికి తప్పుడు పాజిటివ్. మొత్తం 51 మందిలో నిజమైన రోగి ఒక్కడు, అంటే దాదాపు 2 శాతం. గెర్డ్ గిగరెంజర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే: మనిషి బుర్రను తప్పుపట్టే ముందు అంకెలు ఏ రూపంలో ఇచ్చామో చూడండి. జబ్బు లక్షణాలేవీ లేకుండా 'ఫుల్ బాడీ చెకప్' చేయించుకుని ఒక్క రిపోర్టు పట్టుకుని రాత్రంతా నిద్రపోని కుటుంబాలకు ఈ వెయ్యి మంది లెక్క ఎంతో ఊరట ఇస్తుంది. రెండో పరీక్ష ఎందుకు చేయాలో కూడా ఇదే చెబుతుంది.

ఇక్కడే అభిప్రాయభేదం కూడా ఉంది. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1974 నాటి ప్రసిద్ధ వ్యాసంలో మనసు అడ్డదారులు తొక్కి పదే పదే ఒకే రకంగా తప్పుతుందని చూపించారు. గిగరెంజర్ ఆ అడ్డదారులు చాలా సందర్భాల్లో పనికొచ్చేవేనని వాదించాడు. నాకు రెండు పక్షాల మాటా అవసరమే అనిపిస్తుంది. సులువుగా గుర్తుకు వచ్చేదే ఎక్కువగా జరుగుతుందనుకునే అడ్డదారి వానాకాలంలో పాముల విషయంలో మేలు చేస్తుంది. నిన్న చూసిన విమాన ప్రమాదం వార్త వల్ల విమానం మానుకుని కారులో విజయవాడ హైవే ఎక్కడం విషయంలో చెరుపు చేస్తుంది. విన్న మాటే మళ్లీ మళ్లీ వినబడితే నిజమనిపించడం గురించి 1977 నుంచి ప్రయోగాలున్నాయి. కుటుంబ గ్రూపుల్లో అదే సందేశం నాలుగోసారి వచ్చినప్పుడు జరిగేది అదే.

మరి దిద్దుకోవడం ఎలా? కుతర్కాల పేర్లు కంఠతా పట్టడం దారి అని చాలా పుస్తకాలు చెబుతాయి. దానివల్ల లాభం కొంతే. పేర్లు తెలిసినవాడు వాటిని ఎదుటివాడి మీద అంటించడానికి వాడతాడు, తన మాట మీద వాడడు. పైగా పేర్లు దారి తప్పిస్తాయి కూడా. నిపుణుల మాట ఉదహరిస్తే చాలు, 'అధికారాన్ని చూపి నోరు మూయిస్తున్నావు' అంటారు. న్యాయ సంప్రదాయం నమ్మదగినవాడి మాటను ప్రమాణంగానే ఒప్పుకుంది. ఎవరు నమ్మదగినవాడన్న ప్రశ్నకు న్యాయసూత్రాల భాష్యంలో వాత్స్యాయనుడు ఇచ్చిన జవాబు చాలా గొప్పది. విషయాన్ని తాను స్వయంగా తెలుసుకుని, తెలుసుకున్నట్టే చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ మ్లేచ్ఛుడికీ ఒకటే అని కూడా ఆయన అన్నాడు. పుట్టుక, హోదా, గడ్డం పొడుగు లెక్కలోకి రావు.

ఈ ప్రశ్నకు నేటి రూపాన్ని స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ పరిశీలించారు. పదిమంది చరిత్రకారులకు, పదిమంది ఫ్యాక్ట్ చెకర్లకు, 25 మంది విద్యార్థులకు తెలియని వెబ్‌సైట్లు చూపించి నమ్మవచ్చో లేదో చెప్పమన్నారు. చరిత్రకారుల్లో చాలామంది, విద్యార్థులు ఆ పేజీనే శ్రద్ధగా చదివారు. లోగో బాగుందా, భాష గంభీరంగా ఉందా అని చూసి మోసపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం వెంటనే ఆ పేజీ వదిలి, దాన్ని నడిపేది ఎవరో బయట వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబు చెప్పారు. మాట చెప్పేవాడి నోటినే పరీక్షగా చూస్తూ కూర్చోకుండా ఊళ్లో నలుగుర్ని వాకబు చేయడం లాంటిది ఇది. పెళ్లి సంబంధం దగ్గర తప్పకుండా చేసే ఈ పనిని ఫార్వర్డ్ దగ్గర మానేస్తున్నాం. దిద్దుకోవడానికి మొదటి దారి ఇదే.

రెండో దారి మనుషుల మధ్య ఉంది. పీటర్ వేసన్ 1966లో తయారుచేసిన నాలుగు కార్డుల చిక్కు ఇలా ఉంటుంది. ఒక వైపు అక్షరం, రెండో వైపు అంకె ఉన్న కార్డులు. బల్ల మీద అ, క, 4, 7 కనబడుతున్నాయి. 'ఒక వైపు అచ్చు ఉంటే రెండో వైపు సరిసంఖ్య ఉంటుంది' అన్న మాట నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పాలి? ఎక్కువమంది అ, 4 అంటారు. తిప్పాల్సినవి అ, 7. 7 వెనక అచ్చు ఉంటే మాట అబద్ధమవుతుంది. 4 వెనక ఏమున్నా మాటకు ఢోకా లేదు. మన మాటను బలపరిచే కార్డును తిప్పాలనిపించడం, పడగొట్టగల కార్డు కంటికి ఆనకపోవడం ఇక్కడి జబ్బు. ఒంటరిగా చేసినప్పుడు నూటికి పది మంది కూడా సరిగ్గా చెప్పలేదు. 1998లో డేవిడ్ మోష్‌మన్, మోలీ గైల్ ఇదే చిక్కును చిన్న గుంపులకు ఇచ్చి మాట్లాడుకోనిచ్చారు. నాలుగింట మూడు గుంపులు సరైన జవాబుకు చేరాయి. హ్యూగో మెర్సియే, డాన్ స్పెర్బర్ దీని మీద ఒక సిద్ధాంతమే కట్టారు. మనిషి తన వాదంలో తప్పులు వెతకడంలో సోమరి, ఎదుటివాడి వాదంలో వెతకడంలో చురుకు, కాబట్టి బుద్ధి బాగా పనిచేసేది భిన్నాభిప్రాయం ఉన్నవాళ్లు కలిసి కూర్చున్నప్పుడే అంటారు. ఈ మాట నాకు నచ్చింది, ఒక షరతుతో. గుంపులో అందరిదీ ఒకే మాటైతే మే 2018 నాటి కాపలా గుంపు అవుతుంది.

మూడో దారి బడి. మన దగ్గర 'రీజనింగ్' అన్న పేపరు బ్యాంకు పరీక్షల్లో, గ్రూప్స్‌లో ఉంది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో, అమీర్‌పేటలో వేల మంది రక్త సంబంధాలు, కోడింగ్–డీకోడింగ్, గుండ్రటి బల్ల చుట్టూ ఎవరి పక్కన ఎవరు అన్న లెక్కలు ఏళ్ల తరబడి చేస్తున్నారు. మెదడుకు మంచి కసరత్తే. కానీ అక్కడ ఇచ్చిన మాటలన్నీ నిజమని ఒప్పుకుని మొదలుపెట్టాలి. బయట మన అవసరం, ఇచ్చిన మాటను ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకోవడం. శాస్త్రీయ దృక్పథం పెంపొందించుకోవడం పౌరుల విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో రాసుకున్నాం. దాన్ని నేర్పే పీరియడు మాత్రం పెట్టుకోలేదు.

నేర్పితే వస్తుందా అంటే వస్తుంది. ఉగాండాలో 120 ప్రాథమిక పాఠశాలల్లో పది వేల మందికి పైగా పిల్లలతో ఒక ప్రయోగం జరిగింది, 2017లో లాన్సెట్‌లో వచ్చింది. సగం బడుల్లో 10–12 ఏళ్ల పిల్లలకు బొమ్మల కథల పుస్తకంతో, 'ఈ మందు నయం చేస్తుంది' అనే మాటల్ని ఎలా తూచాలో ఒక టర్ము పాటు చెప్పారు. ఒకరి అనుభవం చాలదు, పోల్చి చూడాలి అన్నవే పాఠాలు. పరీక్షలో ఆ బడుల పిల్లలు 69 శాతం గట్టెక్కారు, పాఠం చెప్పని బడుల్లో 27 శాతం. పదేళ్ల పిల్లలు నాలుగు గడులు చూడగలిగారు.

బిహార్ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. 2019 ఎన్నికల సమయంలో సుమిత్రా బద్రీనాథన్ 1,224 మంది పెద్దలకు ఇళ్ల దగ్గరే గంటసేపు తప్పుడు వార్తలు గుర్తుపట్టడం నేర్పించింది. మొత్తం మీద ఫలితం కనబడలేదు. తర్వాత ఆమె, సహచరులు కలిసి 583 గ్రామాల్లో 13,500 మంది బడి వయసు పిల్లలకు, రాష్ట్ర ప్రభుత్వ జీవికా కార్యక్రమం నడిపే గ్రంథాలయాల్లో, విడతలు విడతలుగా తరగతులు పెట్టారు. వాళ్లు నిజాన్నీ అబద్ధాన్నీ మెరుగ్గా వేరుచేయగలిగారు. నాలుగు నెలల తర్వాత కూడా ఆ నేర్పు నిలిచింది. కొంత ఇంట్లో తల్లిదండ్రులకూ అంటింది. గంట ఉపన్యాసం చేయలేని పనిని తెలిసిన చోట, తెలిసినవాళ్ల మధ్య, పదే పదే కూర్చోవడం చేసింది. 2018లో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి 400కు పైగా ఊళ్లలో ఊరికొక పోలీసును పెట్టి, డప్పు కళాకారుల చేత పుకార్ల మీద పాటలు పాడించినప్పుడు జరిగిందీ అదే. ఆ పల్లెల్లో పుకారు ఎవరి ప్రాణమూ తీయలేదు.

తెలుగు నేల మీద గ్రంథాలయోద్యమం నడిచింది. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఉన్నాయి, వాటి శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చుంటున్నారు. చెకుముకి సైన్సు పత్రికను పిల్లలకు చేరుస్తున్న కార్యకర్తలు జిల్లాల్లో ఉన్నారు. వారానికొక సాయంత్రం ఒక ఫార్వర్డ్, ఒక ర్యాంకుల ప్రకటన, ఒక మందు ప్రకటన బల్ల మీద పెట్టి, భిన్నాభిప్రాయాలున్న పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టడానికి బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు. ఒక జిల్లాలో సగం గ్రంథాలయాల్లో ఇది మొదలుపెట్టి, మిగతా సగం పిల్లలతో ఆర్నెల్ల తర్వాత పోల్చి చూడాలి. ఇది పనిచేస్తుందన్న మాటను కూడా అలా తూచాకే నమ్మాలి.